తెర మీది నోరు

సుచిత్ర కాలేజీ నుంచి వస్తూనే చెప్పులు ఓ మూలకు విడిచేసి, ఫోను తెచ్చి నానమ్మ కళ్లముందు పెట్టింది.

"చూడు నానమ్మా. ఒక్క దినంల ఎంతమంది చూసిన్రో."

కిష్టవ్వ కండెలు చుడుతున్న రాట్నం ఆపింది. ఫోనులో సుచిత్ర, ఆమె దోస్తు స్నేహ నెత్తిన చెరో ప్లాస్టిక్ బుట్ట పెట్టుకుని నిలబడ్డారు. వెనక నుంచి పాత సినిమా గొంతు ఒకటి కీచుగా వచ్చింది: "నాకు బుర్ర లేదు దొరా, గంపొక్కటే ఉన్నది." ఆ గొంతుకు తగ్గట్టు పిల్లలిద్దరూ పెదాలు కదిపి, కళ్లు గుండ్రంగా తిప్పి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

కిష్టవ్వ నవ్వలేదు. రాట్నం మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

"ఏంది నానమ్మా, నీ డైలాగే గదా. గా పనిమనిషి మా నానమ్మనే అని అందరికీ చెప్పిన."

"నా డైలాగు గాదు బిడ్డా. గా నోరు నాది. మాట నాది గాదు."

సుచిత్రకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే సంగతి మొదటి నుంచి చెప్పాలి.

ఆ సినిమా పేరు 'పేచీల పెళ్లికొడుకు'. నలభై ఏళ్లుగా టీవీల్లో, బస్సుల్లో, పెళ్లివారి విడిదిళ్లలో ఆడుతూనే ఉన్న నవ్వుల సినిమా. జమీందారు కొడుకు డ్రైవరు వేషం కట్టి ఒక పొగరుబోతు అమ్మాయి ఇంట్లో చేరతాడు. ఆమె పొగరు దించుతాడు. పేదవాడైనా ఫర్వాలేదని ఆమె ఒప్పుకున్న రోజున, తాను పేదవాడిని కానేకానని చెప్పి తాళి కడతాడు. పేదవాడిని ప్రేమించినందుకు బహుమానం వాడు పేదవాడు కాకపోవడమన్నమాట. ఇదేం న్యాయమని అడిగినవాడు లేడు, అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. ఆ సినిమాలో తెలివిగలవాళ్లంతా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు. మన యాసలో మాట్లాడేది ఇద్దరే. ఒకడు దొంగ, వాడిని మొదటి అరగంటలోనే పోలీసులు పట్టుకుపోతారు. రెండోది మామిడికాయల గంప మోసే పనిమనిషి. ఆ పనిమనిషే కిష్టవ్వ.

అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదు. తల్లిగారి ఊరు చిన్నకోడూరు. ఆ ఊరికి అవతల ఓ పాత బంగళాలో సినిమావాళ్లు దిగి, తోటలో కూలికి వచ్చిన ఆడపిల్లల్లోంచి మొహం బాగుందని కిష్టవ్వను ఏరుకున్నారు. అమ్మాయి తండ్రి వేషం వేసిన పెద్ద నటుడు ఆమె ముందున్న గంపను కాలితో తన్నాలి, కాయలు దొర్లాలి, ఆమె తలెత్తి ఏదో అనాలి. అంతే.

"ఏమనాలె సారూ?" అని అడిగింది కిష్టవ్వ.

"నీకు తోచింది అను. నోరు కదిలితే చాలు" అన్నాడు కుర్ర అసిస్టెంటు.

మొదటిసారి తన్నినప్పుడు కాయలు చక్కగా దొర్లలేదట. ఏరి మళ్లీ నింపమన్నారు. మళ్లీ తన్నాడు. ఈసారి నీడ పడిందట. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కిష్టవ్వకు ఏరడం, నింపడం, తన్నించుకోవడమే పని. ఆఖరిసారి ఆ పెద్దమనిషి కాలు గంపను దాటి వచ్చి ఆమె మోకాలికి బలంగా తగిలింది. ఆయన అయ్యో అనలేదు. కిష్టవ్వ తలెత్తి, ఆయన మొహంలోకి సూటిగా చూసి, కడుపులో ఉన్న మాట అనేసింది. దర్శకుడు ఎక్కడో దూరంగా కుర్చీలో ఉన్నాడు, ఆ మాట ఆయనకు వినపడే దారే లేదు. ఆమె మొహం మాత్రం కనపడింది. బ్రహ్మాండం అన్నాడు. ఆ ముక్కనే సినిమాలో ఉంచాడు.

ఇక కిష్టవ్వ చేసిన పొరపాటు ఏమిటంటే, కెమెరా ముందు అన్న మాట తెర మీద వినపడుతుందనుకోవడం. గొంతులు తర్వాత మద్రాసులో కూర్చుని పెడతారని మామిడితోటలో కూలికి పోయే పిల్లకు ఎవరు చెప్పారు గనక? ఊళ్లో కనపడిన ప్రతివారికీ "దొరకు ఏం జెప్పిన్నో సినిమాల చూడుండ్రి" అని చెప్పుకుంది. ఏమన్నావే అని ఎంత గుచ్చి అడిగినా పెదవి విప్పలేదు. తెర మీద వింటే వాళ్లకే తెలుస్తుందని, దొరల గడీల ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన తన తాత పోశయ్య కూడా వింటాడని, ఆమె సంబరం.

సినిమా సిద్దిపేటకు వచ్చిన వారం తల్లిగారి వాళ్లు రెండు వరుసలు నిండా వచ్చారు. అప్పటికే సంబంధం కుదిరిన మగ్గం పిల్లగాడు దత్తాత్రి కూడా వచ్చాడు. గంప దొర్లింది. కిష్టవ్వ మొహం తెరంతా నిండింది. ఆ నోట్లోంచి ఎవరో ముక్కుతో మాట్లాడే ఆడమనిషి గొంతు వచ్చింది, బుర్ర లేదని, గంపే ఉందని. హాలు హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్విన గొంతు దత్తాత్రిది.

"నేను గట్ల అనలే" అని కిష్టవ్వ లేచి నిలబడి అరిచింది.

జనం ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వరా మరి, ఆమె అరిచిన మాట కూడా అదే యాసలో ఉంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. కిష్టవ్వకు మోకాలి నొప్పి నాలుగు రోజుల్లో తగ్గింది. నవ్వు మాత్రం ఆమెతో పాటే అత్తగారింటికి వచ్చింది.

బస్సులో టికెట్టు అడిగితే కండక్టరు "గంపకు గూడ తీస్తవా అవ్వా" అనేవాడు. దవాఖానలో చీటీ రాసే ఆవిడ ముసిముసిగా నవ్వేది. దత్తాత్రికైతే అది గొప్ప. చీరలు కొనడానికి వచ్చిన ప్రతి బేరగాడికీ "మా ఆమె సినిమాల చేసింది" అని చెప్పి, ఆ డైలాగు తానే పలికి నవ్వించేవాడు. చెడ్డవాడు కాదు. నవ్వితే బేరం కుదురుతుందనుకునే మనిషి. ఇవన్నీ కిష్టవ్వ భరించింది. వాడలో చేనేత సొసైటీకి ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఆమెకు పోటీ చేయాలనిపించింది. నూలు ఎవరికి అందుతోంది, ఎవరికి అందటం లేదు, ఆడవాళ్లు చుట్టే కండెలకు కూలి ఎందుకు లెక్కలోకి రాదు అని అడగాలనుకుంది. మీటింగులో లేచి నోరు తెరిచిందో లేదో, వెనక బెంచీ నుంచి ఎవడో "బుర్ర లేదు దొరా" అన్నాడు. అడగాల్సిన ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఓట్లనాడు గోడల మీద గంప బొమ్మ గీశారు. ఓడిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమె నోటికేం తక్కువ, అందులో ఊరు పెట్టిన గొంతే మంచిది కాదు. ఆ తర్వాత నలుగురిలో కిష్టవ్వ మాట్లాడిన సందర్భాలు లేవు.

సుచిత్ర ఇదంతా విని ఫోను వంక చూసుకుంది. "మరి నువ్వేమన్నవ్ నానమ్మా?"

"సినిమాల ఉన్నది. నా నోరు చూడు" అంది కిష్టవ్వ.

సుచిత్ర ఫోనులో ఆ సినిమా ముక్క తెరిచి, ఒకసారి సౌండుతో, ఒకసారి సౌండు తీసేసి తిప్పి తిప్పి చూసింది. మగ్గం మీద నుంచి దత్తాత్రి కూడా అటు చూశాడు. మాట అయిపోయాక కూడా తెర మీది పిల్ల పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఇన్నేళ్లూ అది కూడా హాస్యమేననుకున్నారు జనం. సుచిత్రకు ఏమీ అంతుపట్టలేదు గానీ, తన రీలు మాత్రం తీసేసింది.

ఆ సాయంత్రమే గజేందర్ వచ్చాడు. మునిసిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని చూస్తున్నాడు. థియేటర్ లీజు కూడా అతనిదే. 'పేచీల పెళ్లికొడుకు'ను రంగులు దిద్ది కొత్తగా విడుదల చేస్తున్నారట, ఆదివారం మొదటి ఆట సిద్దిపేటలో తానే వేయిస్తున్నాడట.

"అవ్వా, నీకు సన్మానం. నీ సీను కాంగనే సినిమా ఆపి లైట్లు ఏపిస్త. నువ్వు స్టేజి మీదికొచ్చి గా మాట ఒక్కసారి అనాలె. అందరు ఫోన్లల్ల పడ్తరు. దేశమంత చూస్తది."

"ఎందుకు నాయినా?"

"గట్లంటవేందవ్వా. పెద్దతెర మీద మన యాస మాట్లాడిన మొదటి మనిషివి నువ్వు. ఇది నీకొక్కదానికి గాదు, మన భాషకు సన్మానం."

ఇదే గజేందర్ తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద వంటావార్పు జరిగినప్పుడు మైకు పట్టుకుని, సినిమాల్లో మన భాషను నవ్వులపాలు చేశారని గొంతు చిరిగేలా అరిచాడు. అప్పుడు కిష్టవ్వ జనంలో నిలబడి విని, చాటుగా కళ్లు తుడుచుకుంది కూడా. ఏరు దాటాక తెప్పతో పనేముంది. ఇప్పుడు అతనికి ఆ నవ్వే ఓట్లుగా కనపడుతోంది.

"మాట్లాడింది నేను గాదు" అంది కిష్టవ్వ.

"పెద్దతనం, మొహమాటం" అని గజేందర్ దత్తాత్రి వైపు చూసి నవ్వాడు. దత్తాత్రి మగ్గం దిగి వచ్చి, "వస్తది, వస్తది, నేను తోలుకొస్త" అన్నాడు.

కిష్టవ్వకు కోపం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ ఆ మాట ఇంకెవరిదో అని తనకు తానైనా చెప్పుకోగలిగింది. ఆదివారం స్టేజి ఎక్కి సొంత గొంతుతో ఒక్కసారి అంటే చాలు, అది తనదైపోతుంది. తన మునిమనవల ఫోన్లలో కూడా తనే, తన నోటితోనే, బుర్ర లేదని చెప్పుకుంటూ ఉంటుంది. పోకపోతే గొంతు అరువిచ్చినావిడ మాటే మిగులుతుంది. రెండూ ఆమె ఒప్పుకునేవి కావు. పోయి, ఆ మాట తనది కాదని అక్కడే చెప్పాలనుకుంది.

ఆదివారం ఆటోలో పోతున్నప్పుడు దత్తాత్రి ఉన్నట్టుండి అడిగాడు. "ఇంతకు గప్పుడు ఏమన్నవే నువ్వు?"

కిష్టవ్వ అతని మొహం చూసింది. "నలభై ఏండ్లకు అడుగుతున్నవా?"

దత్తాత్రి తల వంచుకున్నాడు. సుచిత్ర ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయింది.

హాలు కిటకిటలాడుతోంది. సినిమా మొదలైంది. జనానికి మాటలన్నీ కంఠతా వచ్చు, పాత్రల కంటే ముందే అంటున్నారు. దొంగ వచ్చి పోయాడు. పెద్దమనిషి కాలెత్తాడు, గంప పల్టీ కొట్టింది, కాయలు దొర్లాయి. హాలంతా ఒకే గొంతుతో "నాకు బుర్ర లేదు దొరా, గంపొక్కటే ఉన్నది" అంది. ఈలలు పడ్డాయి. సినిమా ఆగింది. లైట్లు వెలిగాయి.

గజేందర్ మన యాస గురించి, మన గౌరవం గురించి రెండు ముక్కలు చెప్పి, కిష్టవ్వను స్టేజి మీదికి పిలిచాడు. ఆమె చేతికి మైకు ఇచ్చాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"ఈ మాట నేను అనలే" అంది కిష్టవ్వ.

పాత కథే మళ్లీ జరిగింది. జనం నవ్వారు. ఎవడో "నీ బుర్రల ఇంకెవలున్నరు అవ్వా" అని అరిచాడు. గజేందర్ మైకు కోసం చెయ్యి చాపి, "అవ్వకు వయసైంది, మతికి ఉంటలేదు" అన్నాడు. కిష్టవ్వ మైకు వదలలేదు. కానీ సొసైటీ మీటింగులో నవ్వుకు ఆమె మాట కొట్టుకుపోయిన ఆ క్షణమే మళ్లీ వచ్చింది. ఇప్పుడు కూర్చుంటే ఇక లేవనని ఆమెకు తెలుసు.

అప్పుడు మూడో వరుసలోంచి దత్తాత్రి లేచాడు. "గజేందర్, గా ముక్క మల్ల ఎయ్యి. సప్పుడు బందుపెట్టి ఎయ్యి."

"ఎందుకు తాతా?"

"ఎయ్యిమంటున్న గదా. ఆమె నోరు ఆమె చెప్తది."

గజేందర్ నసిగాడు. కానీ జనానికి ఇదేదో ఇంకా తమాషాగా ఉంటుందనిపించింది. ఎయ్యి ఎయ్యి అని కాళ్లు నేలకేసి కొట్టారు. నవ్వు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు నవ్వుకు అడ్డం రారు కదా. గజేందర్ పైన కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాడికి చెయ్యి ఊపాడు. లైట్లు ఆరాయి.

చప్పుడు లేకుండా ఆ కాలు లేచింది. చప్పుడు లేకుండా గంప దొర్లింది. గోడంత పెద్దదై ఒక ఆడపిల్ల మొహం తలెత్తింది. కిష్టవ్వ మైకు నోటి దగ్గర పెట్టుకుంది, కానీ ఆలస్యమైంది. ఆమె మొదటి మాట బయటికి వచ్చేసరికి తెర మీది పెదాలు మూసుకుపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

"మల్ల ఎయ్యి" అన్నాడు దత్తాత్రి.

మళ్లీ వేశారు. ఈసారి కిష్టవ్వ జనం వైపు చూడలేదు. తెర వైపు తిరిగింది. ఆ పెద్ద నటుడు కాలు దించుతుంటే అతని మొహంలోకే చూసింది. తెర మీది పిల్ల నోరు తెరిచింది. కింద నిలబడ్డ ముసలిదీ నోరు తెరిచింది.

"గంపను తన్నినవు, సరే. నన్ను తంతె ఊకోను దొరా."

ఒక్క అక్షరం అటూ ఇటూ పోలేదు. 'గంప' అన్నప్పుడు తెర మీది పెదాలు కలిశాయి. 'ఊకోను' అన్నప్పుడు ముందుకు వచ్చాయి. జనం హాస్యమనుకున్న ఆ చివరి కదలిక 'దొరా' అనే మాట దగ్గర పూర్తయి, నోరు మూతపడింది. ఇన్నేళ్లూ అమాయకంగా గుడ్లు తిప్పుతోందనుకున్న ఆ పిల్ల గుడ్లు తిప్పడం లేదు. కోపంగా చూస్తోంది. అది ఇప్పుడు హాల్లో ప్రతి ఒక్కరికీ కనపడింది.

ఎవరూ నవ్వలేదు. వెనక బాల్కనీలో ఒకామె "మల్ల ఎయ్యుండ్రి" అంది. గొంతు నర్సమ్మది, కిష్టవ్వ ఇంటి పక్కన ఉండే, కండెలు చుట్టే మనిషి. మళ్లీ వేశారు. మళ్లీ అంది కిష్టవ్వ, ఈసారి ఇంకా గట్టిగా. నాలుగోసారికి ఆడవాళ్లు ఆమెతో పాటు అనడం మొదలుపెట్టారు. మగవాళ్లు కొందరు అన్నారు, కొందరు తల దించుకున్నారు. సుచిత్ర ఏడుస్తూ అంది. దత్తాత్రి అనలేదు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. అతను ఆ నోటిని రోజూ చూస్తూనే బతికాడు, దాని మాట ఇవాళే విన్నాడు.

లైట్లు వెలిగాయి. గజేందర్ రాజకీయాల మనిషి, గాలి ఎటు తిరిగిందో కనిపెట్టడానికి ఎంతసేపు. శాలువా విప్పి పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"తప్పైంది అవ్వా. నాకు ఎరుక లేకుండె. నీకు మాటిస్తున్న. రేపటి ఆట నుంచి గా సీను కోసి పారేపిస్త. మన మనిషిని నవ్వులపాలు చేసే ముక్క మన సిద్దిపేటల ఆడది."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అయిపోయేదాకా కిష్టవ్వ ఆగింది. తర్వాత శాలువా ఉన్న అతని చేతిని పక్కకు జరిపింది.

"కొయ్యద్దు" అంది మైకులోనే.

"అదేందవ్వా?"

"గంత పెద్ద సినిమాల దొంగ పోంగ మనోళ్లకు మిగిలిన జాగ గదొక్కటే. గది గూడ కోస్తె ఇగ ఆడ మనం లేనే లేము. నవ్వింది మీరు, కోసేది నన్నా?"

కిష్టవ్వ స్టేజి మెట్ల దాకా వచ్చి ఆగింది.

"ఉండనియ్యి. సప్పుడు బందుపెట్టి ఎయ్యి. రేపు మాట్నీకి వస్త, ఫస్టు షోకు వస్త. ఎన్నాళ్లు ఆడిస్తవో ఆడియ్యి. నా మాట నేనే చెప్త."